గండిపేట మీద వచ్చిన వ్యాసం ఏ సంచికలో ఉంది? పాత సంచికలకు సూచిక తయారుచేసిన అనుభవం

"అన్నా, గండిపేట చెరువు మీద మీ పత్రికల ఒకసారి మంచిగ రాసిన్రు. ఏ నెలదో యాదికి లేదు. ఆ కాపీ దొరుకుతదా?"

ఇలాంటి ఫోన్లు మా మాసపత్రిక ఆఫీసుకు వారానికి రెండు మూడైనా వస్తాయి. ఆ వ్యాసం ఉంది. 2011 ఆగస్టు సంచిక, 23వ పుట. కానీ దాని శీర్షిక "నగరం దాహం తీర్చిన నీలిసంద్రం". లోపల నాలుగు పుటల్లోనూ ఉస్మాన్‌సాగర్ అనే ఉంది తప్ప గండిపేట అన్న మాట ఒక్కసారీ లేదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి ఉంది, 1920లో ఆనకట్ట పూర్తయిన సంగతి ఉంది. హైదరాబాదులో ఎవరైనా నోటితో అనే పేరు మాత్రం లేదు. కంప్యూటర్లో గండిపేట అని కొడితే సున్నా. అడిగినాయన మాట సరైనదే, రాసినాయన మాట కూడా సరైనదే. రెండూ కలిసే చోటే లేదు. సూచిక పని అంతా ఆ చోటు కల్పించడమే.

15 ఏళ్ల సంచికలు లెక్కప్రకారం 180 ఉండాలి. బీరువాలో దొరికినవి 174. సంపాదకీయం, కథలు, కవితలు, వ్యాసాలు, వంటలు, పుస్తక సమీక్షలు అన్నీ కలిపి 2,040 అంశాలు తేలాయి. ఒక్కో అంశాన్ని చదివి ఎక్కించడానికి సగటున 4 నిమిషాలు, అంటే 136 గంటలు. ఇద్దరు రోజుకు రెండేసి గంటలు కూర్చుంటే 34 రోజులు. పండగలూ సెలవులూ పోను మాకు రెండు నెలలు పైనే పట్టింది. ఈ లెక్క ముందే వేసుకోవాలి. వేసుకోనివాళ్లు మొదటి మూడేళ్ల సంచికల దగ్గరే ఆగిపోతారు, సగం సూచిక ఉన్నదానికన్నా అసలు లేకపోవడమే నయం. మూడేళ్లవి మాత్రమే ఉన్నాయని తెలియక, మిగతా పన్నెండేళ్లలో ఆ విషయమే రాలేదనుకుంటారు చదివేవాళ్లు.

సాధనం మామూలు ఎక్సెల్ షీటే. వరుసలో తొమ్మిది గడులు: సంఖ్య, సంచిక, పుట, శీర్షిక, రచయిత, విభాగం, కీలకపదాలు, ఒక వాక్యంలో సారం, మారుపేర్లు. గండిపేటకు చోటు దొరికేది ఆ చివరి గడిలోనే, దాని సంగతి తర్వాత.

టైపు చేయడం మొదలుపెట్టే ముందే సంఖ్య, సంచిక, పుట గడులను టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోవాలి. మేం మార్చలేదు. పుటలు 3-5 అని కొడితే ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకుని మార్చేసింది. 11 భాగాల ధారావాహికలో మొదటి భాగానికి 1/11 అని పెడితే అదీ తారీఖే అయింది. ఇలా చెడినవి 140 వరుసలు. తర్వాత గడిని టెక్స్ట్‌గా మారిస్తే పాత అంకె తిరిగి రాదు, వేరే ఏదో అయిదంకెల సంఖ్య కనిపిస్తుంది. మళ్లీ సంచిక తీసి చూసి కొట్టాల్సిందే. నెలను "ఆగస్టు 2011" అని కాక 2011-08 అని రాస్తే వరుసలు కాలక్రమంలో వాటంతటవే కూర్చుంటాయి. భాగాలను "11లో 1" అని మాటల్లో రాయడం మేలు.

సంఖ్య విషయంలో ఒక్క నియమం చాలు: ఒకసారి ఇచ్చింది మార్చకూడదు. సంవత్సరం, నెల, పుట కలిపి 2011-08-23 అని ఇచ్చాం. ఒకే పుటలో రెండు అంశాలుంటే చివర అ, ఆ. దీనివల్ల ఆ సంఖ్య చూడగానే చేతికి సంచిక అందుతుంది, వేరే జాబితా చూడక్కర్లేదు. 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇస్తే, మధ్యలో మరిచిపోయిన అంశం ఒకటి బయటపడ్డప్పుడు మొత్తం జరపాలనిపిస్తుంది. జరిపితే అప్పటికే ఎవరో రాసిపెట్టుకున్న సంఖ్యలన్నీ తప్పుతాయి.

పాత సంచికల ఫైళ్లున్నాయి కదా, వాటినుంచి కాపీ చేసుకోవచ్చనుకున్నాం. మొదటి ఏడెనిమిదేళ్లవి పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో "అను" అనే రకం ఫాంట్లతో కంపోజ్ చేసినవి. తెర మీద చూస్తే చక్కటి తెలుగు, కాపీ చేసి ఇంకోచోట పెడితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. లోపల ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) తెలుగు కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో బొమ్మల్లా కూర్చోబెట్టిన తెలుగు. మార్పిడి చేసే సాధనాలున్నాయి గానీ ఫాంటు ఏ తరహాదో సరిగ్గా సరిపోవాలి, లేకుంటే వత్తులు చెదురుతాయి. వ్యాసం మొత్తం కావాలంటే ఆ శ్రమ పడాలి. సూచికకు కావలసింది శీర్షిక, పేరు, ఒక వాక్యమే. దిద్దుకుంటూ కూర్చునే సమయంలో కొత్తగా టైపు చేయడం అయిపోతుంది.

ఇక విభాగాలు. పత్రికలో అప్పటికే శీర్షికలున్నాయి: "మాటామంతీ", "ఇంటింటి ముచ్చట", "వెనక్కి చూస్తే". వాటినే విభాగాలుగా పెడదామన్నది మొదటి ఆలోచన. అవి పత్రిక నడిపేవాళ్లకు ముద్దు, వెతికేవాళ్లకు వాటితో పనిలేదు. "ఇంటింటి ముచ్చట"లో వంటలున్నాయి, కరెంటు బిల్లు తగ్గించుకునే మార్గాలున్నాయి, అత్తాకోడళ్ల కథ ఒకటి ఉంది. గ్రంథాలయాల్లోలాగా డ్యూయీ అంకెలు వేద్దామని ఒకరన్నారు. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827. మా సరుకులో సగానికి పైగా ఆ ఒక్క అంకె కిందికే పోతుంది. లక్ష పుస్తకాల అలమరాలకు పనికొచ్చే కొలబద్దతో రెండువేల వ్యాసాలను కొలవనక్కర్లేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది ఒక్కటి పట్టుకుంటే చాలు: చదివేవారి సమయం ఆదా చేయాలి.

విభాగాలు ముందే రాసుకోకుండా మొదటి 200 అంశాలను చీటీల మీద రాసి, బల్ల మీద పరిచి, దేని పక్కన ఏది సహజంగా చేరుతుందో చూశాం. 14 గుంపులు వచ్చాయి. పదికి తక్కువున్న గుంపులను దగ్గరి దానిలో కలిపాం. ఏ గుంపైనా మరీ పెద్దదైతే, అంటే మొత్తంలో అయిదో వంతు దాటితే, విడగొట్టాం. కథలను విడగొట్టక తప్పలేదు: కథలు, ధారావాహికలు. చివరికి తొమ్మిది నిలిచాయి. "ఇతరాలు" అన్న విభాగం మాత్రం పెట్టకూడదు. మొదటి వారంలో పెట్టాం, మూడోవారానికి దానిలో 300 అంశాలు చేరాయి. అలసిపోయిన చెయ్యి ప్రతిదాన్నీ అందులోకే తోస్తుంది. అదొక పోపుల పెట్టె కాదు, మూతలేని గోనెసంచి. తీసేసి, ఆ 300 మళ్లీ పంచడానికి రెండు ఆదివారాలు పోయాయి.

ఒక అంశానికి విభాగం ఒక్కటే, కీలకపదాలు మూడు నుంచి ఆరు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తేనే చిక్కులు. విభాగం అంటే ఆ వ్యాసం ఇల్లు, కీలకపదాలంటే ఆ ఇంటికి వచ్చే దారులు. గండిపేట వ్యాసం ఇల్లు "హైదరాబాదు చరిత్ర". దారులు: మూసీ, వరదలు, చెరువులు, తాగునీరు. వ్యాసంలో ఎక్కడో విశ్వేశ్వరయ్య పేరు ఒక వాక్యంలో వచ్చిందని ఆయన పేరూ పెట్టేస్తే, ఆయన కోసం వచ్చినవాళ్లు ఆ ఒక్క వాక్యం చదివి నిరాశపడతారు. కనీసం ఒక పేరా నిండా ఉన్న విషయానికే కీలకపదం ఇవ్వాలని పెట్టుకున్నాం. మూడు వ్యాసాలైనా లేని పదాన్ని చివర్లో తీసేశాం, మనుషుల పేర్లూ ఊర్ల పేర్లూ తప్ప.

తెలుగులో అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. "వరద" అని వెతికితే వరదలు, వరదల్లో, వరదకు అన్నీ దొరుకుతాయి, ఎందుకంటే మాట మొదలు మారదు. "ఇల్లు" అని వెతికితే ఇంటి, ఇంట్లో, ఇళ్లు, ఇండ్లు ఏవీ దొరకవు. నీరు, నీటి, నీళ్లు. ఊరు, ఊళ్లు. చెయ్యి, చేతి, చేతులు. గోరు, గోళ్లు. విభక్తో బహువచనమో చేరగానే మాట రూపమే మారిపోతుంది. అందుకని కీలకపదానికి ఒక రూపం ఖాయం చేసుకుని (లెక్కపెట్టగలిగేవి బహువచనంలో, లెక్కపెట్టలేనివి ఏకవచనంలో), మిగతా రూపాలను మారుపేర్ల గడిలో రాశాం. చెరువులు, వరదలు, కానీ తాగునీరు, ఆరోగ్యం. "ఇళ్లు" అన్న కీలకపదం పక్కన ఇల్లు, ఇంటి, ఇండ్లు, ఇళ్ళు. ఈ జాబితా ప్రతి వ్యాసానికీ రాయక్కర్లేదు, రెండో షీటులో ఒకసారి రాసుకుని అతికించుకుంటే సరి.

ఆ చివరిదాన్ని గమనించారా? ఇళ్లు, ఇళ్ళు. ల వత్తు ఒకరిది, ళ వత్తు ఇంకొకరిది. పెళ్లి, పెళ్ళి కూడా అంతే. 15 ఏళ్లలో ప్రూఫులు దిద్దేవాళ్లు మారినప్పుడల్లా పత్రికలో వత్తు మారింది. హైదరాబాద్, హైదరాబాదు. చార్మినార్, ఛార్మినార్. కోఠి, కోఠీ. డాక్టర్, డాక్టరు. ఏది ఒప్పో తేల్చడం సూచిక పని కాదు. ఒకటి ప్రధానరూపం చేసి, మిగతావన్నీ మారుపేర్లలో చేర్చడమే. శీర్షికను మాత్రం అచ్చయినట్టే ఉంచాలి, దిద్దకూడదు.

కంటికి కనబడని తేడా ఇంకొకటుంది. "ఉస్మాన్‌సాగర్" అని న్-సా విడిగా కనబడాలంటే మధ్యలో ఒక శూన్య అక్షరం కొట్టాలి, యూనికోడ్‌లో దాని దశాంశ సంఖ్య 8204. అది లేకపోతే "ఉస్మాన్సాగర్" అని న కింద స వత్తు పడుతుంది. మూడోవారు మధ్యలో ఖాళీ ఇచ్చి "ఉస్మాన్ సాగర్" అంటారు. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. ఫోన్లో టైపు చేసేవాళ్లలో చాలామందికి ఆ శూన్య అక్షరం ఉందని కూడా తెలియదు. ఒకే కీలకపదం జాబితాలో రెండుసార్లు, అచ్చం ఒకేలా కనబడుతూ, ఒకటి 17 వ్యాసాలతో ఒకటి 4 వ్యాసాలతో ఉందంటే అనుమానించాల్సింది దీన్నే. ఎక్సెల్‌లో సబ్‌స్టిట్యూట్ సూత్రంతో యూనిచార్ 8204ను, అంటే ఆ శూన్య అక్షరాన్ని, పూర్తిగా తీసేసి పక్క గడిలో పెడితే, శూన్య అక్షరం లేని రూపం వస్తుంది. మారుపేర్లలో మూడు రూపాలనూ ఉంచాం, ఎవరు ఎలా కొట్టినా తగలడానికి.

మారుపేర్లలో ఎక్కువ సరుకు ఇచ్చినవి మాత్రం వంటలు. పత్రికలో గోంగూర అని ఉంటుంది, ఫోన్లో అడిగే ఆవిడ "పుంటికూర" అంటుంది. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ. వెల్లుల్లి, ఎల్లిగడ్డ. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ. మొక్కజొన్న, మక్కలు. వేరుశనగ, పల్లీలు. సొరకాయ, ఆనపకాయ. హైదరాబాదులో అన్ని జిల్లాల వంటిళ్లూ ఉన్నాయి కాబట్టి అన్ని మాటలూ వినబడతాయి, ఒక్కటి వదిలినా ఒక జిల్లాను వదిలినట్టే. ఆరోగ్య వ్యాసాల్లో రాసినవాళ్లు వైద్యులు, శీర్షిక "మధుమేహం – మందులు". వెతికేవాళ్లు "షుగర్" అంటారు. రక్తపోటుకు బీపీ. నగరం విషయాల్లో సికింద్రాబాదును లష్కర్ అనేవాళ్లు ఇంకా ఉన్నారు, బోనాల వ్యాసాలకు "లష్కర్ బోనాలు" అని చేర్చకపోతే కష్టం. 1938లో మొదలైన పారిశ్రామిక ప్రదర్శన మీద నాలుగు వ్యాసాలున్నాయి, నాలుగింట్లో ఒక్కదానికే శీర్షికలో "నుమాయిష్" ఉంది. ఇంకో సగంమంది దాన్ని ఎగ్జిబిషన్ అనే అంటారు.

ఈ మాటలన్నీ బల్ల దగ్గర కూర్చుని ఊహించినవి కావు. సూచిక సగమయ్యాక చిక్కడపల్లి చుట్టుపక్కల ఉండే అయిదుగురికి పది ప్రశ్నలిచ్చి కూర్చోబెట్టాం: ఒక రిటైర్డు టీచరు, గ్రూప్స్‌కు చదువుతున్న ఇద్దరు, ఒక గృహిణి, ఒక కంపోజర్. "మూసీ వరదలో ఎంత నష్టం జరిగిందో చెప్పే వ్యాసం తియ్యండి" లాంటి ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. మేం నోరు మెదపకుండా, వాళ్లు వెతికే పెట్టెలో మొదట ఏ మాట కొట్టారో అది మాత్రం రాసుకున్నాం. రెండో మాట కొట్టేసరికి మనిషి ఆలోచించడం మొదలుపెడతాడు, మొదటిదే అసలుది. దొరకని ప్రతిచోటా కారణం ఒక్కటే, వ్యాసం ఉంది, ఆ మాట లేదు. ఆ పూట ఒక్కటే 60 మారుపేర్లు వచ్చాయి. చూసేవాళ్లు పక్కనుండి "అది కాదండీ, ఇలా కొట్టండి" అంటే పరీక్ష అక్కడితో చెడినట్టే. కంపోజర్ గారి విషయంలో మాకు అదే జరిగింది, ఆయన ఫలితాలు పక్కన పెట్టాం.

రచయితల పేర్లు ఇంగ్లిషు సూచికల్లో వెనకది ముందుకు తిప్పుతారు. మనకు ఆ బెడద లేదు, ఇంటిపేరు ముందే ఉంటుంది. మన బెడద వేరు. ఒకే మనిషి ఒక సంచికలో పూర్తి ఇంటిపేరుతో, ఇంకో సంచికలో పొడి అక్షరాలతో, మరోసారి కలం పేరుతో. ముందు డా., ఆచార్య, శ్రీమతి. ఇవి తీసేయకుండా అకారాదిగా పేరిస్తే "డా" కింద 90 మంది, "శ్రీమతి" కింద 70 మంది చేరి కూర్చున్నారు. గౌరవవాచకాన్ని వేరే గడిలోకి జరపాలి, అచ్చు జాబితాలో పేరు చివర పెట్టుకోవచ్చు. లోకానికి ఏ పేరు తెలుసో అదే ప్రధానం, తక్కినవాటికి "చూడు" అని దారి చూపాలి. "సింగిరెడ్డి నారాయణరెడ్డి, చూడు: సినారె". "శ్రీరంగం శ్రీనివాసరావు, చూడు: శ్రీశ్రీ". దాశరథి అంటే కృష్ణమాచార్యా, రంగాచార్యా? ఇలాంటి చోట ఇద్దరినీ పూర్తి పేర్లతో విడిగా ఇవ్వాల్సిందే.

అకారాది క్రమం యంత్రం చాలావరకు సరిగ్గానే పేరుస్తుంది. తేడా వచ్చేది క్ష దగ్గర. బడిలో వర్ణమాల చివర్లో నేర్చుకున్నాం కాబట్టి అక్కడే వెతుకుతాం. యూనికోడ్‌కు అది క కింద ష వత్తు, అంటే క గుణింతమంతా అయ్యాక క వరుసలోనే వస్తుంది. అచ్చు ప్రతిలో హ తర్వాత "క్ష: చూడు క" అని ఒక వరుస కలిపాం. కొటేషన్ గుర్తుతో మొదలయ్యే శీర్షికలు, అంకెతో మొదలయ్యేవి అన్నీ జాబితా తలకు ఎక్కి కూర్చుంటాయి. "1908: కన్నీటి మూసీ"ని అక్కడ ఎవరూ చూడరు, "మూసీ వరద, 1908" అని రెండో వరుస ఇవ్వాలి.

ధారావాహికలకు ప్రతి భాగం పక్కన మొదటి భాగం సంఖ్య రాశాం, అంతే. కవితలకు శీర్షికతో పాటు మొదటి పాదం కూడా ఎక్కించాం. కవిత పేరు గుర్తుంచుకునేవాళ్లు తక్కువ, మొదటి పాదం నోట్లో ఆడుతూంటుంది.

సారం రాసే వాక్యం 15 మాటలు దాటకూడదు, పొగడ్త ఉండకూడదు. "అద్భుతమైన వ్యాసం" అని రాస్తే వెతికేవారికి ఒరిగేదేమీ లేదు. "ఉస్మాన్‌సాగర్ ఎందుకు, ఎప్పుడు కట్టారు, నీళ్లు నగరానికి ఎలా వస్తాయి, 4 పుటలు, 2 ఫొటోలు" అని రాస్తే, తన ప్రశ్నకు జవాబు ఇందులో ఉందో లేదో సంచిక తెరవకుండానే తెలుస్తుంది.

కొత్త సంచికకు 12 అంశాలు, 45 నిమిషాల పని. ప్రూఫులు చూసినవాళ్లే, సంచిక ప్రెస్సుకు వెళ్లకముందే ఎక్కించాలి, అప్పుడు విషయం తాజాగా ఉంటుంది. నెలాఖరుకు చూద్దాంలే అంటే మూడు సంచికలు పేరుకుంటాయి. కొత్త కీలకపదం కావాలంటే సూచిక చేసే ఇద్దరూ ఒప్పుకోవాలి, లేదంటే ఆరు నెలల్లో "చెరువులు" పక్కన "తటాకాలు", "జలాశయాలు" మొలుస్తాయి. ఫోన్లో పాఠకులు అడిగిన మాటలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు టేబులు మీదే ఉంది. నెలకోసారి అందులోవి మారుపేర్ల గడిలోకి వెళ్తాయి.

దొరకని ఆరు సంచికలకు కూడా వరుసలు పెట్టి, శీర్షిక గడిలో "సంచిక దొరకలేదు" అని రాశాం. లేకపోతే ఆ నెలల్లో పత్రికే రాలేదనుకునే ప్రమాదం ఉంది. మొన్న ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లో వాటిలో ఒకటి, అట్ట లేకుండా దొరికింది. 11 అంశాలు ఎక్కించాం. ఇంకా అయిదు ఖాళీగానే ఉన్నాయి.